కొత్త ఫోన్ బాక్సులో ఛార్జర్ మాయం.. పర్యావరణానికి నిజంగా మేలేనా? లెక్కలు ఏం చెబుతున్నాయి?

కొత్త ఫోన్ బాక్సు ఓపెన్ చేస్తే ఫోన్ ఉంటోంది. కేబుల్ ఉంటోంది. సిమ్ ట్రే తీసే పిన్ను కూడా ఉంటోంది. ఛార్జర్ మాత్రం ఉండట్లేదు. అడిగితే కంపెనీలు చెప్పే సమాధానం ఒక్కటే.. ‘పర్యావరణం కోసం’. ఈ మాటలో నిజం ఎంత? ఛార్జర్ తీసేస్తే ఈ-వేస్ట్ ఎంత తగ్గుతుంది? ఎవరి జేబుకి చిల్లు పడుతుంది? ఇండియాలో రూల్స్ ఏం చెబుతున్నాయి? పూర్తి వివరాలు ఇక్కడ చూద్దాం.

ముఖ్యాంశాలు

- 2020 అక్టోబర్‌లో ఐఫోన్ 12తో ఛార్జర్ లేని బాక్సు ట్రెండ్‌గా మారింది.
- యూరప్‌లో వాడకుండా వదిలేసిన, పడేసిన ఛార్జర్ల వల్లే ఏటా సుమారు 11 వేల టన్నుల ఈ-వేస్ట్ వస్తోందని యూరోపియన్ కమిషన్ అంచనా.
- బ్రెజిల్‌లో ఇదే విషయం మీద యాపిల్‌కి కోట్ల రూపాయల జరిమానాలు పడ్డాయి.
- 2024 డిసెంబర్ 28 నుంచి యూరప్‌లో ఫోన్లకు టైప్-సి పోర్టు తప్పనిసరి. ఛార్జర్ కావాలా వద్దా అన్నది కస్టమర్ ఇష్టం.
- ఛార్జర్ విడిగా కొనుక్కుంటే పర్యావరణానికి జరిగే మేలు దాదాపు ఉండదు. ఇంట్లో ఉన్న పాతది వాడితేనే లాభం.

ఇది ఎప్పుడు మొదలైంది?

చాలామంది యాపిల్‌తోనే మొదలైందనుకుంటారు. కానీ అంతకుముందే ప్రయత్నాలు జరిగాయి. బ్రిటన్‌లో టెలికాం కంపెనీ ఓ2, 2012లోనే ఒక హెచ్‌టీసీ ఫోన్‌ని ఛార్జర్ లేకుండా అమ్మింది. నెదర్లాండ్స్‌కి చెందిన ఫెయిర్‌ఫోన్ అయితే 2013లో తెచ్చిన మొదటి ఫోన్ నుంచే ఛార్జర్ ఇవ్వలేదు. అప్పట్లో వీటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

అసలు దుమారం రేగింది 2020 అక్టోబర్ 13న. ఆ రోజు ఐఫోన్ 12 లాంచ్ చేస్తూ, ఇకపై బాక్సులో ఛార్జర్, ఇయర్‌ఫోన్స్ రెండూ ఉండవని యాపిల్ చెప్పింది. అప్పటికే అమ్మకంలో ఉన్న ఐఫోన్ 11 లాంటి పాత మోడళ్లకు కూడా ఇదే వర్తింపజేసింది. దీని మీద శాంసంగ్ సోషల్ మీడియాలో సెటైర్ వేసింది. తమ గెలాక్సీ ఫోన్‌తో ఛార్జర్ వస్తుందంటూ పోస్ట్ పెట్టింది. సరిగ్గా మూడు నెలలకి, 2021 జనవరిలో గెలాక్సీ ఎస్21 సిరీస్‌ని శాంసంగ్ కూడా ఛార్జర్ లేకుండానే తెచ్చింది. అంతకుముందే ఆ సెటైర్ పోస్టులు పేజీ నుంచి మాయమయ్యాయి.

షావోమీ మాత్రం చైనాలో ఎంఐ 11కి వేరే రూట్ ఎంచుకుంది. ఛార్జర్ ఉన్న బాక్సు, లేని బాక్సు రెండూ ఒకే ధరకి పెట్టింది. ఏది కావాలో కస్టమర్‌కే వదిలేసింది. ఇండియాలో 2022లో వచ్చిన నథింగ్ ఫోన్ 1, రియల్‌మీ నార్జో 50ఏ ప్రైమ్ కూడా ఛార్జర్ లేకుండానే వచ్చాయి. అంటే ఖరీదైన ఫోన్లతో మొదలై, బడ్జెట్ ఫోన్ల వరకూ వచ్చేసింది.

కంపెనీలు చెబుతున్న లెక్క ఏంటి?

యాపిల్ చెప్పిన పాయింట్లు మూడు.

ఒకటి, ప్రపంచవ్యాప్తంగా జనం దగ్గర ఇప్పటికే 200 కోట్లకు పైగా యాపిల్ అడాప్టర్లు ఉన్నాయి. ఇతర కంపెనీలవి వీటికి అదనం. కాబట్టి ప్రతి ఫోన్‌తో ఇంకొకటి అనవసరం.

రెండు, ఛార్జర్ తీసేస్తే బాక్సు సన్నబడుతుంది. రవాణాలో ఒక్కో ప్యాలెట్ మీద 70 శాతం ఎక్కువ బాక్సులు పడతాయి. అన్నే ఫోన్లకు తక్కువ ట్రిప్పులు, తక్కువ ఇంధనం.

మూడు, అడాప్టర్ల కోసం తవ్వి తీసే రాగి, ఇతర లోహాలు, ప్లాస్టిక్ మిగులుతాయి. ఈ మార్పులన్నీ కలిపితే ఏటా 20 లక్షల మెట్రిక్ టన్నులకు పైగా కార్బన్ ఉద్గారాలు తగ్గుతాయని, ఇది దాదాపు నాలుగున్నర లక్షల కార్లు ఏడాదిపాటు రోడ్డెక్కకుండా ఆపినంత అని యాపిల్ ప్రకటించింది.

ఇవి కంపెనీ స్వయంగా ఇచ్చిన లెక్కలు అన్నది గుర్తుపెట్టుకోవాలి. అయితే అందులో లాజిక్ లేకపోలేదు. వాడని ఛార్జర్ తయారు చేయకపోవడం కచ్చితంగా మంచిదే. యూరోపియన్ కమిషన్ 2021లో చెప్పిన వివరాల ప్రకారం అక్కడ ఒక్కో కస్టమర్ దగ్గర సగటున మూడు మొబైల్ ఛార్జర్లు ఉంటే, రెగ్యులర్‌గా వాడేది రెండే. మూడోది డ్రాయర్‌లోనే ఉండిపోతోంది.

అసలు ఛార్జర్‌లో ఏముంటుంది?

చూడ్డానికి చిన్న ప్లాస్టిక్ డబ్బా. కానీ లోపల ఒక సర్క్యూట్ బోర్డు ఉంటుంది. దాని మీద రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్లు, డయోడ్లు, ఒక కంట్రోల్ చిప్ ఉంటాయి. వీటిని కలిపేది టంకం. బయటి కవచం మంటలు అంటుకోకుండా కెమికల్స్ కలిపిన గట్టి ప్లాస్టిక్. అందుకే దీన్ని తడి చెత్త, పొడి చెత్త బుట్టల్లో వేయకూడదు. ఇది ఈ-వేస్ట్.

పడేస్తే ఏమవుతుంది? సరైన రీసైక్లింగ్ ప్లాంట్‌కి వెళ్తే రాగి, ఇతర లోహాలు వెనక్కి వస్తాయి. స్క్రాప్ షెడ్‌కి వెళ్తే మాత్రం సీన్ వేరు. రాగి కోసం కేబుళ్లని బహిరంగంగా తగలబెడతారు. పీవీసీ తొడుగు కాలినప్పుడు డయాక్సిన్ల లాంటి విష పదార్థాలు గాల్లో కలుస్తాయి. బోర్డుల నుంచి లోహాలు తీయడానికి కొన్ని చోట్ల యాసిడ్ వాడతారు. ఆ నీళ్లు భూమిలోకి ఇంకిపోతాయి. ఢిల్లీలోని సీలంపూర్ లాంటి చోట్ల ఈ పని చేస్తూ బతికేవాళ్లు చేతులకి గ్లౌజులు కూడా లేకుండా ఈ పొగ మధ్యే ఉంటున్నారు. మనం డ్రాయర్ ఖాళీ చేసుకుంటే, దాని ఖర్చు వాళ్ల ఊపిరితిత్తులు కడుతున్నాయి.

ఐక్యరాజ్యసమితి సంస్థలు తెచ్చిన గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ 2024 ప్రకారం, 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ వచ్చింది. అందులో లెక్కల్లోకి వచ్చి పద్ధతిగా రీసైకిల్ అయింది 22.3 శాతమే. ఇదే స్పీడ్‌లో పోతే 2030 నాటికి 8.2 కోట్ల టన్నులకు చేరుతుందని అంచనా.

మరి తేడా ఎక్కడ కొడుతోంది?

ఛార్జర్ తీసేయడం వల్ల మేలు జరగాలంటే ఒక కండిషన్ ఉంది. కొన్నవాళ్లు పాత ఛార్జర్‌నే వాడాలి. చిన్న ఉదాహరణ చూద్దాం.

వంద మంది కొత్త ఫోన్ కొన్నారనుకుందాం. వాళ్లలో 80 మంది పాత ఛార్జర్ వాడితే, 80 ఛార్జర్ల తయారీ తప్పినట్టే. అలా కాకుండా 80 మంది విడిగా కొత్తది కొన్నారనుకోండి. మిగిలేది 20 ఛార్జర్లే. పైగా ఆ 80 ఛార్జర్లకి 80 వేరే బాక్సులు, వేరే ప్యాకింగ్, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తే 80 వేరే డెలివరీలు. బాక్సు సన్నబడి మిగిలిన కార్బన్‌లో కొంత ఇక్కడే ఖర్చయిపోతుంది.

ఐఫోన్ 12 విషయంలో వచ్చిన విమర్శ కూడా ఇదే. బాక్సులో ఇచ్చిన కేబుల్‌కి ఒకవైపు టైప్-సి ఉంది. అప్పటిదాకా ఎక్కువ ఐఫోన్లతో వచ్చిన 5 వాట్ అడాప్టర్లకి ఉన్నది పాత తరహా వెడల్పు యూఎస్‌బీ పోర్టు. కొత్త కేబుల్ పాత అడాప్టర్‌కి పట్టదు. పాత కేబుల్ పారేయకుండా ఉంచుకున్నవాళ్లకి ఇబ్బంది లేదు. మిగతావాళ్లు కొత్త అడాప్టర్ కొనుక్కోవాల్సిందే. ఇండియాలో దాని ధర అప్పట్లో 1,900 రూపాయలు.

ధర సంగతికొస్తే.. ఇండియాలో ఐఫోన్ 11 లాంచ్ ధర 64,900 రూపాయల నుంచి మొదలైతే, ఐఫోన్ 12 ధర 79,900 నుంచి మొదలైంది. 5జీ, మెరుగైన డిస్‌ప్లే లాంటివి వచ్చాయి కాబట్టి రెండింటినీ నేరుగా పోల్చలేం. కానీ ఛార్జర్, ఇయర్‌ఫోన్స్ తీసేసినందుకు ఇంత తగ్గించాం అని కస్టమర్‌కి కనిపించే తగ్గింపు ఏదీ లేదు. పర్యావరణం పేరు చెప్పినప్పుడు జనం అనుమానపడటానికి అసలు కారణం ఇదే.

బ్రెజిల్ ఎందుకు సీరియస్ అయింది?

ఛార్జర్ లేకుండా ఫోన్ అమ్మడం అంటే సగం వస్తువు అమ్మడమే అన్నది బ్రెజిల్ వినియోగదారుల సంస్థల వాదన. 2021 మార్చిలో సావో పాలో రాష్ట్ర వినియోగదారుల రక్షణ సంస్థ యాపిల్‌కి కోటి రియాల్‌లకు పైగా జరిమానా వేసింది. 2022 సెప్టెంబర్ 6న, అంటే ఐఫోన్ 14 లాంచ్‌కి ఒక్క రోజు ముందు, అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖ ఏకంగా ఛార్జర్ లేని ఐఫోన్ల అమ్మకాలు ఆపాలని ఆదేశించింది. 1.22 కోట్ల రియాల్‌లకు పైగా ఫైన్ కూడా వేసింది. పర్యావరణానికి మేలు జరిగినట్టు కంపెనీ రుజువు చూపలేదన్నది వాళ్ల ప్రధాన అభ్యంతరం. అదే ఏడాది అక్టోబర్‌లో సావో పాలో కోర్టు ఒకటి మరో 10 కోట్ల రియాల్‌ల జరిమానా విధించింది. అప్పీలుకి వెళ్తామని యాపిల్ చెప్పింది.

ఫ్రాన్స్‌లో ఇంకో ట్విస్ట్. పిల్లలకి రేడియో తరంగాల ప్రభావం తగ్గించాలని అక్కడ ఫోన్‌తో పాటు ఇయర్‌ఫోన్స్ తప్పనిసరిగా ఇవ్వాలనే చట్టం ఉండేది. దాంతో ఐఫోన్ 12ని అక్కడ ఒక పెద్ద బాక్సులో పెట్టి, లోపల సన్న బాక్సు, పక్కన ఇయర్‌ఫోన్స్ పెట్టి అమ్మారు. సన్న బాక్సు వల్ల మిగలాల్సింది అక్కడ మిగల్లేదు. తర్వాత ఆ రూల్‌ని మార్చేశారు.

యూరప్ తెచ్చిన రూల్ ఏంటి?

అన్ని కంపెనీలకీ ఒకే పోర్టు ఉంటే తప్ప పాత ఛార్జర్ కొత్త ఫోన్‌కి పనికిరాదు. ఈ పాయింట్‌ని యూరప్ పట్టుకుంది. 2009లో అక్కడ కంపెనీలతో చేసుకున్న స్వచ్ఛంద ఒప్పందంతో 30 రకాల ఛార్జర్లు మూడు రకాలకి తగ్గాయి. కానీ ఆ మూడు ఒకటి కాలేదు. దాంతో చట్టమే తెచ్చారు. 2022 అక్టోబర్ 4న యూరోపియన్ పార్లమెంట్‌లో 602 మంది అనుకూలంగా, 13 మంది వ్యతిరేకంగా ఓటేశారు.

2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు, హెడ్‌ఫోన్స్ లాంటి వాటికి టైప్-సి తప్పనిసరి అయింది. ల్యాప్‌టాప్‌లకు గడువు 2026 ఏప్రిల్ 28. ఐఫోన్ 15కి 2023లో టైప్-సి రావడం వెనక ఒత్తిడి కూడా ఇదే.

ఈ చట్టంలో మూడు విషయాలు ముఖ్యం. ఛార్జర్‌తో కలిపి అమ్మే కంపెనీ, ఛార్జర్ లేకుండా కొనే ఆప్షన్ కూడా ఇవ్వాలి. బాక్సు మీద ఛార్జర్ ఉందో లేదో చూపించే బొమ్మ, ఫోన్‌కి ఎన్ని వాట్ల ఛార్జర్ కావాలో చెప్పే లేబుల్ ఉండాలి. 15 వాట్లకు మించి ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న ఫోన్ ఏదైనా, యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే కామన్ పద్ధతిని సపోర్ట్ చేయాలి. అంటే తీసేయడమే కాదు, పాతది పనికొచ్చేలా చేయడం కూడా కంపెనీ బాధ్యతే.

అయినా దీని వల్ల ఏటా తగ్గే ఈ-వేస్ట్ సుమారు 980 టన్నులని కమిషన్ అంచనా. 11 వేల టన్నుల్లో ఇది దాదాపు 9 శాతం. కస్టమర్లకి మాత్రం అనవసర ఛార్జర్ల ఖర్చు ఏటా 25 కోట్ల యూరోల వరకూ మిగులుతుందని చెబుతున్నారు.

ఇండియాలో పరిస్థితి ఏంటి?

2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ విషయం మీద కంపెనీలతో సమావేశాలు పెట్టింది. ఆ ఏడాది నవంబర్ 16న జరిగిన మీటింగ్‌లో ఫోన్లు, ట్యాబ్లెట్లు, ల్యాప్‌టాప్‌లకు టైప్-సి పోర్టు ఉండాలన్న దానిపై ఏకాభిప్రాయం కుదిరింది. తర్వాత భారతీయ ప్రమాణాల సంస్థ, అంటే బీఐఎస్, టైప్-సికి సంబంధించిన ప్రమాణాలు విడుదల చేసింది.

ఈ-వేస్ట్ నిర్వహణ కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వీటి ప్రకారం తయారీ కంపెనీలే తమ వస్తువుల వ్యర్థాల రీసైక్లింగ్‌కి బాధ్యత తీసుకోవాలి. 2023-24, 2024-25ల్లో టార్గెట్ 60 శాతం. తర్వాతి రెండేళ్లు 70 శాతం. 2027-28 నుంచి 80 శాతం. సీసం, పాదరసం, కాడ్మియం లాంటివి ఎంత ఉండొచ్చో కూడా పరిమితులు ఉన్నాయి.

రూల్ కాగితం మీద బాగానే ఉంది. కానీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కల ప్రకారం, 2021-22లో దేశంలో 16 లక్షల టన్నుల ఈ-వేస్ట్ వస్తే, సేకరించి ప్రాసెస్ చేసింది 5.27 లక్షల టన్నులు. మూడో వంతు కూడా కాదు. మిగతాదంతా ఇళ్లలో, స్క్రాప్ షాపుల్లో, డంపింగ్ యార్డుల్లో ఉండిపోయినట్టే.

మన ఇళ్లలో లెక్క కాస్త వేరు

‘మీ దగ్గర పాత ఛార్జర్ ఉంటుంది కదా’ అన్నది కంపెనీల లాజిక్. మన దగ్గర పాత ఫోన్‌కి అంత తొందరగా రిటైర్‌మెంట్ ఉండదు. కొడుకు కొత్త ఫోన్ కొంటే పాతది అమ్మకి వెళ్తుంది. అమ్మ ఫోన్ ఊళ్లో ఉన్న అమ్మమ్మకి వెళ్తుంది. ఫోన్‌తో పాటు ఛార్జర్ కూడా వెళ్లిపోతుంది. పర్యావరణపరంగా ఇది చాలా మంచి అలవాటు. కానీ కొత్త ఫోన్ కొన్నవాడి చేతిలో ఛార్జర్ మిగలదు. ఇక బటన్ ఫోన్ నుంచి మొదటిసారి స్మార్ట్‌ఫోన్‌కి మారేవాళ్ల దగ్గరున్న సన్న పిన్ను ఛార్జర్ దేనికీ పనికిరాదు.

ఇలాంటప్పుడు ఏం జరుగుతోంది? ఒరిజినల్ ధర చూసి చాలామంది వెనకాడతారు. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ లాంటి చోట్లా, ఊళ్లలో సెల్ పాయింట్లలోనూ ఒరిజినల్, డూప్లికేట్ పక్కపక్కనే దొరుకుతాయి. నాసిరకం ఛార్జర్‌లో కరెంటు హెచ్చుతగ్గుల్ని తట్టుకునే భాగాలు, ఇన్సులేషన్ సరిగ్గా ఉండవు. వేడెక్కడం, షాక్ కొట్టడం, బ్యాటరీ దెబ్బతినడం లాంటి రిస్క్ ఉంటుంది. పైగా అవి త్వరగా పాడై మళ్లీ ఈ-వేస్ట్‌లోనే కలుస్తాయి. అంటే ఒక మంచి ఛార్జర్ తగ్గించి, రెండు నాసిరకం ఛార్జర్లు కొనిపించినట్టు అవుతుంది.

మరి ఫైనల్‌గా మేలా? కాదా?

ఇంట్లో సరిపోయే ఛార్జర్ ఉన్నవాళ్లకి ఛార్జర్ లేని బాక్సు మంచిదే. లేనివాళ్లకి అది అదనపు ఖర్చు. అందరికీ ఒకే రూల్ పెట్టి తీసేయడం కన్నా, కావాలా వద్దా అని అడిగి, వద్దన్నవాళ్లకి ఆ మేరకు ధర తగ్గించడమే న్యాయంగా కనిపిస్తుంది.

ఇంకో విషయం. స్మార్ట్‌ఫోన్ వల్ల వచ్చే కార్బన్‌లో ఎక్కువ భాగం ఫోన్ తయారీలోనే వస్తుంది, ఛార్జింగ్‌కి వాడే కరెంటు వల్ల కాదు. కాబట్టి ఛార్జర్ మిగిల్చి రెండేళ్లకోసారి ఫోన్ మార్చేవాళ్ల కంటే, ఛార్జర్‌తో సహా కొని అదే ఫోన్‌ని నాలుగేళ్లు వాడేవాళ్లే పర్యావరణానికి ఎక్కువ మేలు చేస్తున్నట్టు. బ్యాటరీ మార్చే సౌకర్యం, ఎక్కువ ఏళ్ల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు, చవకగా రిపేర్.. కంపెనీలు నిజంగా చేయాల్సినవి ఇవి.

ఫోన్ కొనే ముందు ఇవి చూడండి

- ‘బాక్సులో ఏమున్నాయి’ అన్న లిస్టు చదవండి. ఆన్‌లైన్‌లో ఇది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.
- ఇంట్లో ఉన్న ఛార్జర్ మీద ‘అవుట్‌పుట్’ అని రాసి ఉన్న చోట వోల్టులు, ఆంపియర్లు చూడండి. రెండూ గుణిస్తే వాట్లు వస్తాయి. 9 వోల్టులు, 2.22 ఆంపియర్లు అంటే దాదాపు 20 వాట్లు.
- కొత్తది కొనాల్సి వస్తే పవర్ డెలివరీ, పీపీఎస్ సపోర్ట్ ఉన్న టైప్-సి ఛార్జర్ తీసుకోండి. రేపు ఫోన్ బ్రాండ్ మారినా పనికొస్తుంది. రెండు పోర్టులు ఉన్నది అయితే ఇంట్లో ఇద్దరికి సరిపోతుంది.
- ఛార్జర్ మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అసలుదో కాదో తెలిసిపోతుంది.
- ఛార్జర్ ధర కూడా కలిపి రెండు ఫోన్ల ధరలు పోల్చండి.

పాత ఛార్జర్లు ఏం చేయాలి?

పనిచేస్తుంటే ముందు ఇంట్లో, ఆఫీసులో అవసరమైనవాళ్లకి ఇవ్వండి. పాడైపోతే చెత్త బండిలో వేయొద్దు. ఫోన్ బ్రాండ్ల వెబ్‌సైట్లలో ఈ-వేస్ట్ కలెక్షన్ సెంటర్ల వివరాలు ఉంటాయి. కొన్ని షోరూముల్లో డ్రాప్ బాక్సులు కూడా ఉంటాయి. అధికారిక రీసైక్లర్లు ఎవరో తెలుసుకోవడానికి రెండు తెలుగు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లని అడగొచ్చు. ఈ-వేస్ట్ బోర్డుల నుంచి లోహాలు తీసే టెక్నాలజీ మీద హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర సంస్థ సీ-మెట్ పనిచేస్తోంది. టెక్నాలజీ ఉన్నా, సరుకు అక్కడిదాకా రావాలంటే మొదటి అడుగు మన ఇంటి నుంచే పడాలి.

మీకున్న డౌట్లు.. సమాధానాలు

ఎక్కువ వాట్ల ఛార్జర్ పెడితే ఫోన్ పాడవుతుందా?
మంచి కంపెనీ ఛార్జర్ అయితే పాడవదు. ఎంత కరెంటు కావాలో ఫోనే ఛార్జర్‌కి చెబుతుంది. 20 వాట్లు తీసుకునే ఫోన్‌కి 65 వాట్ల ఛార్జర్ పెట్టినా అది తీసుకునేది తనకి కావాల్సినంతే.

నా ఫోన్ 80 వాట్లు. వేరే టైప్-సి ఛార్జర్‌తో అంత స్పీడ్ రాదా?
చాలా వరకూ రాదు. కొన్ని కంపెనీల ఫాస్ట్ ఛార్జింగ్ వాళ్ల సొంత టెక్నాలజీ. వేరే ఛార్జర్ పెడితే ఛార్జ్ అవుతుంది కానీ నెమ్మదిగా. పోర్టు ఒకటే అయినా స్పీడ్ ఒకటి కాకపోవడం.. పాత ఛార్జర్ వాడాలనుకునేవాళ్లకి ఇప్పటికీ ఉన్న పెద్ద అడ్డంకి ఇదే.

వేరే కంపెనీ ఛార్జర్ వాడితే వారంటీ పోతుందా?
ప్రమాణాలకు తగ్గ ఛార్జర్ వాడినంత మాత్రాన ఫోన్ పాడవదు. కానీ నాసిరకం ఛార్జర్ వల్ల డ్యామేజ్ జరిగిందని తేలితే కంపెనీ ఫ్రీ సర్వీస్ ఇవ్వకపోవచ్చు. వారంటీ కార్డులో ఈ కండిషన్ చదివి పెట్టుకోండి. ఛార్జర్ బిల్లు కూడా దాచుకోండి.

ఛార్జర్‌ని ప్లగ్‌లోనే వదిలేస్తే కరెంటు ఎక్కువ కాలుతుందా?
కాలుతుంది కానీ చాలా తక్కువ. యూరప్ రూల్ ప్రకారం ఇలాంటి చిన్న ఛార్జర్ ఖాళీగా ఉన్నప్పుడు 0.1 వాట్‌కి మించి తీసుకోకూడదు. ఆ లెక్కన ఏడాదంతా ప్లగ్‌లో ఉంచినా ఒక యూనిట్ లోపే. పాత, నాసిరకం ఛార్జర్లు ఇంతకంటే ఎక్కువ తాగొచ్చు. స్విచ్ ఆపేయడమే సేఫ్.